క్రెడిట్ కార్డు మీద కొన్న వస్తువు పాడైంది, అమ్మినవాళ్లు డబ్బు వెనక్కి ఇవ్వము అంటున్నారు. బ్యాంకు ద్వారా రాబట్టుకోవచ్చా?

సూదిదారం
మార్చి 4, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. నేను ఇంట్లోనే కుట్టుపని చేసుకుంటూ బతుకుతున్నాను. నాలుగేళ్లు పాత మిషన్ మీదే నెట్టుకొచ్చి, ఈమధ్యే ధైర్యం చేసి ఎంబ్రాయిడరీ కూడా చేసే కంప్యూటర్ కుట్టుమిషన్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. మొత్తం సొమ్ము క్రెడిట్ కార్డు మీదే కట్టాను. ఫిబ్రవరి 12న ఇంటికొచ్చింది.

పదకొండు రోజులు బాగానే కుట్టింది. పన్నెండో రోజు పొద్దున సూది కిందికి దిగినప్పుడల్లా టక్కుమని శబ్దం. సూది వంగిందేమోనని మార్చాను. కొత్త సూది మూడు నిమిషాల్లో విరిగింది. ఇంకో రెండు వేశాను, అవీ విరిగాయి. గుడ్డ తిరగేసి చూస్తే కింద దారమంతా పిచ్చుకగూడులా చిక్కుపడి ఉంది, పైన రెండు కుట్లు పడి మూడోది వదిలేస్తోంది. ప్లేటు తీసి చూశాను. బాబిన్ కేసు అంచున సూది పొడిచిన గుంటలు మూడు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

ఫోన్ చేస్తే మొదటిసారి "మీరు సూది తప్పుగా పెట్టారు" అన్నారు. రెండోసారి "సర్వీసు సెంటరుకి పంపండి, చూస్తాం" అన్నారు. మూడోసారి "పది రోజులు దాటాక రిటర్న్ తీసుకోం, అది మా పాలసీ, డబ్బు మాటే వద్దు" అన్నారు. కార్డు బిల్లు 18వ తేదీకి కట్టాలి. చేతిలో ఉన్న ఆర్డర్లు ఆగిపోయాయి. బ్యాంకుని అడిగితే డబ్బు వస్తుందా? ఈ నెల బిల్లు కట్టకుండా ఆపేస్తే ఏమవుతుంది? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

పాతచెట్టు
మార్చి 4, రాత్రి 10:40

అక్కా, బిల్లు కట్టకండి. కడితే మీ చేతిలో ఏమీ ఉండదు. బ్యాంకుకి ఫోన్ చేసి "ఈ లావాదేవీ నేను చేయలేదు" అని చెప్పండి, వెంటనే డబ్బు వెనక్కి వేస్తారు. మా స్నేహితుడొకడు అలాగే చేశాడు.

కౌంటర్‌వెనక
మార్చి 4, రాత్రి 11:25

పాతచెట్టు తమ్ముడూ, ఈ రెండు సలహాలూ మనిషిని ముంచుతాయి. నేను ఒక బ్యాంకులో కార్డు డిస్ప్యూట్ల (చెల్లింపుల మీద తగాదాల) విభాగంలో ఆరేళ్లు పనిచేశాను. "నేను చేయలేదు" అని అబద్ధం చెప్పి, ఆ తర్వాత అసలు న్యాయమైన కేసు కూడా పోగొట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

సూదిదారం గారూ, ఓపిగ్గా చదవండి, కాస్త పొడుగు రాస్తున్నాను.

మీరు "నేను చేయలేదు" అన్న మరుక్షణం మీ ఫిర్యాదు మోసం ఫైల్లోకి వెళ్తుంది. కార్డు బ్లాక్ అవుతుంది. అమ్మినవాడు మీ సంతకంతో ఉన్న డెలివరీ రసీదు చూపిస్తాడు, మీ ఫోన్‌కి వచ్చిన ఓటీపీతోనే చెల్లింపు జరిగిందని రికార్డు చూపిస్తుంది. కేసు అక్కడితో మూసేస్తారు. తర్వాత మీరెళ్లి "కాదు, వస్తువు పాడైంది" అంటే మాట మార్చినట్టే లెక్క. మీది మోసం కేసు కాదు. మీరే కొన్నారు, వచ్చింది, వచ్చినది పనిచేయట్లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఇలా బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి రాబట్టుకోవడాన్ని ఛార్జ్‌బ్యాక్ అంటారు. ఇది చట్టం ఇచ్చిన హక్కు కాదు, కార్డు నెట్‌వర్కులు (బ్యాంకుల మధ్య కార్డు చెల్లింపులు నడిపే సంస్థలు) పెట్టుకున్న నియమం. మీ కార్డు నంబరు 4తో మొదలైతే వీసా. 5తోగానీ 2తోగానీ మొదలైతే చాలావరకు మాస్టర్‌కార్డ్. మీరు ఫిర్యాదు చేస్తే మీ బ్యాంకు ఆ నెట్‌వర్కు ద్వారా అమ్మినవాడి బ్యాంకు నుంచి సొమ్ము వెనక్కి లాగుతుంది. అమ్మినవాడు ఒప్పుకోకపోతే ఆధారాలతో ఎదురు జవాబిస్తాడు. మీ బ్యాంకు దాన్ని మీకు చూపించి మీ మాట అడుగుతుంది. ఎవరూ తగ్గకపోతే చివరికి నెట్‌వర్కే తీర్పు చెబుతుంది, ఓడినవాళ్లు ఫీజు కట్టాలి. అందుకే అక్కడిదాకా వెళ్లేవి తక్కువ, మధ్యలోనే ఎవరో ఒకరు వదిలేస్తారు.

పాడైన వస్తువు, చెప్పినట్టు లేని వస్తువు అనేదానికి వీసాలో 13.3 అనే కోడ్ ఉంది. మాస్టర్‌కార్డ్‌లో 4853. కస్టమర్ కేర్‌లో ఎత్తినవాళ్లకి ఇది తెలియకపోవచ్చు, అయినా "వస్తువు లోపం కింద డిస్ప్యూట్ వేయాలి" అని ఆ మాటే వాడండి.

గడువు మామూలుగా 120 రోజులు. ఇలాంటి కేసులో వస్తువు మీ చేతికొచ్చిన తేదీ నుంచి లెక్క. మీకు ఫిబ్రవరి 12 కాబట్టి జూన్ 12 దాకా ఉంది. కానీ చివరిదాకా ఆగొద్దు. "సర్వీసుకి పంపండి, చూస్తాం, ఇంకో వారం" అంటూ నెలలు గడిపించడం ఒక పద్ధతి ప్రకారం జరుగుతుంది. ఆ కాలమంతా మీ గడువులోంచే పోతుంది.

ఇక అసలు ముడి ఇక్కడుంది. ఈ కోడ్ కింద గెలవాలంటే వస్తువు మీరు తిరిగిచ్చి ఉండాలి, లేదా తిరిగివ్వడానికి ప్రయత్నించి ఉండాలి. ఫోన్‌లో అరిచానంటే అది ప్రయత్నం కాదు. "ఇదిగో వస్తువు, తీసుకెళ్లి డబ్బివ్వండి" అని రాతలో ఉండాలి. నా ఆరేళ్లలో కస్టమర్లు ఓడిపోయిన కేసుల్లో ఎక్కువ ఈ ఒక్క కాగితం లేకే ఓడిపోయాయి. వస్తువు నిజంగా పాడైందని ఫొటోలో కనిపిస్తున్నా సరే, మేం ఏమీ చేయలేకపోయేవాళ్లం.

బిల్లు సంగతి. ఆపకండి. ఛార్జ్‌బ్యాక్ నడుస్తున్నంత మాత్రాన బిల్లు దానంతటది ఆగదు. కట్టకపోతే వడ్డీ, ఆలస్య రుసుము, క్రెడిట్ రికార్డులో మచ్చ, మూడూ మీవే. "డిస్ప్యూట్‌లో ఉన్న మొత్తాన్ని పక్కన పెడతారా" అని బ్యాంకుని అడగండి. రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ మేరకు ఆపండి, లేకపోతే కట్టేయండి. గెలిస్తే అది మీ కార్డు ఖాతాలోకే తిరిగొస్తుంది.

సూదిదారం
మార్చి 5, ఉదయం 6:50

కౌంటర్‌వెనక గారూ, రాత్రి ఇది రెండుసార్లు చదివాను. చాలా థాంక్స్ అండీ. నేను ఇప్పటిదాకా అన్నీ ఫోన్‌లోనే మాట్లాడాను. రాతలో ఒక్క వాట్సాప్ మెసేజ్ మాత్రం ఉంది. "మిషన్ పనిచేయట్లేదు, ఏం చేయమంటారు" అని పంపాను. ఇది చాలదు కదా?

వానచినుకు
మార్చి 5, ఉదయం 9:15

చాలదండీ. నా అనుభవం చెబుతాను, మీకు పనికొస్తుంది. నేను లాప్‌టాప్ కేసు ఓడిపోయాను.

కొన్న ఐదో వారంలో స్క్రీన్ మినుకుమినుకుమనడం మొదలుపెట్టింది. అమ్మినవాళ్లు వారం రోజులు ఫోన్ ఎత్తలేదు. ఆఫీసు పని ఆగిపోతోందన్న తొందరలో దగ్గర్లో ఉన్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వెనక మూత విప్పి లోపల కేబుల్ సరిచేశాడు, రెండ్రోజులు పనిచేసి మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను. అమ్మినవాళ్లు పంపిన జవాబు నాలుగు లైన్లు: వస్తువుని బయటివాళ్లు విప్పారు, సీలు చిరిగింది, మాకు తిరిగి ఇవ్వడానికి కస్టమర్ ఎప్పుడూ రాతలో అడగలేదు, మేం సర్వీసు ఇస్తామనే చెప్పాం. నా దగ్గర చూపించడానికి కాల్ లిస్ట్ తప్ప ఏమీ లేదు. పన్నెండు కాల్స్. వాటిలో ఏం మాట్లాడానో బ్యాంకుకి ఎలా తెలుస్తుంది?

మీరు ప్లేటు తీశానన్నారు, అదొక్కటే నాకు భయంగా ఉంది.

సూదిదారం
మార్చి 5, ఉదయం 9:40

లేదండీ, అది సూది కింద ఉండే ప్లేటు. రెండు స్క్రూలే. దూది, పీచు శుభ్రం చేసుకోవడానికి వారానికోసారి తీయమని మిషన్‌తో వచ్చిన పుస్తకంలోనే బొమ్మ వేసి చూపించారు. లోపలి మోటారు, షటిల్ దేన్నీ ముట్టుకోలేదు.

వానచినుకు
మార్చి 5, ఉదయం 9:44

అయితే ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకోండి. తప్పకుండా అడుగుతారు.

దుకాణదారు
మార్చి 5, మధ్యాహ్నం 1:30

నేను అటువైపు మనిషిని. చిన్నస్థాయిలో ఆన్‌లైన్‌లో ఇంటి సామాన్లు అమ్ముతాను. మా వైపునుంచి ఎలా ఉంటుందో రాస్తే మీకే ఉపయోగమని రాస్తున్నాను.

ఛార్జ్‌బ్యాక్ వచ్చిందంటే మా ఖాతాలోంచి సొమ్ము ముందే లాగేస్తారు, పైన ఒక ఫీజు. గెలిచినా ఆ ఫీజు చాలాసార్లు తిరిగిరాదు. ఇలాంటివి ఎక్కువైతే మా బ్యాంకు మమ్మల్ని ప్రత్యేకంగా గమనించడం మొదలుపెడుతుంది, ఇంకా పెరిగితే కార్డులు తీసుకునే సదుపాయమే ఆపేస్తుంది. కాబట్టి బుద్ధున్న వ్యాపారి ఎవడూ అక్కడిదాకా తెచ్చుకోడు. సరైన మెయిల్ ఒకటి వస్తే చాలామంది దిగొస్తారు.

బాధ ఎక్కడంటే, కొంతమంది మాకు ఒక్క మాటైనా చెప్పకుండా నేరుగా బ్యాంకుకి వెళ్తారు. పెట్టె విప్పకుండానే నచ్చలేదని డిస్ప్యూట్ వేసినవాళ్లున్నారు. వాళ్ల వల్ల నిజంగా నష్టపోయిన మీలాంటివాళ్లని కూడా అనుమానంగా చూసే పరిస్థితి వచ్చింది.

మేం జవాబిచ్చేటప్పుడు ఏం వెతుకుతామో చెప్పనా? మీతో జరిగిన చాట్ మొత్తం తీసి చదువుతాం. "సరే, రిపేరుకి పంపుతాను" అని మీరు ఒక్కసారి రాసి ఉన్నా దాన్నే అన్నిటికంటే ముందు పెడతాం, రిపేరుకి ఒప్పుకుని ఇప్పుడు మాట మార్చారని. మీరు అలా రాయలేదు కదా? రాయకపోతే ఇకముందూ రాయకండి. డబ్బు కావాలనుకుంటే మొదటి నుంచి చివరిదాకా డబ్బు అనే అడగండి.

సూదిదారం
మార్చి 5, మధ్యాహ్నం 2:05

రాయలేదండీ. ఫోన్‌లో కూడా "చూద్దాం" అన్నానంతే. మీరు అటువైపు ఉండి కూడా ఇంత వివరంగా చెప్పినందుకు చాలా కృతజ్ఞతలు.

పేజీలమధ్య
మార్చి 5, రాత్రి 8:20

కౌంటర్‌వెనక గారు చెప్పింది నెట్‌వర్కు నియమం. దానికి వేరుగా చట్టం ఉంది, అది దేశాన్నిబట్టి మారుతుంది. ఇది చదివేవాళ్లు ఎక్కడెక్కడో ఉంటారు కాబట్టి నాకు బాగా తెలిసినంతవరకు రాస్తున్నాను. ఛార్జ్‌బ్యాక్ ఓడిపోతే అన్నీ అయిపోయాయనుకునేవాళ్లు చాలామంది. అది నిజం కాదు.

అన్నిటికంటే బలమైన రక్షణ బ్రిటన్‌లో ఉంది. 1974 నాటి వినియోగదారుల రుణ చట్టంలో 75వ సెక్షన్. వస్తువు ధర 100 పౌండ్లు దాటి, 30,000 పౌండ్లకు మించకుండా ఉంటే, అమ్మినవాడు ఒప్పందం తప్పినప్పుడు క్రెడిట్ కార్డు ఇచ్చిన బ్యాంకు కూడా వాడితో సమానంగా బాధ్యురాలు. దుకాణం దివాలా తీసినా బ్యాంకుని అడగొచ్చు. ఇందులో చాలామందికి తెలియనిది, ధర మొత్తం కార్డు మీద కట్టాల్సిన పనికూడా లేదు. అడ్వాన్సు కొద్దిగా కార్డుతో కట్టి మిగతాది నగదుగా ఇచ్చినా బ్యాంకు బాధ్యత మొత్తం ధరకీ వర్తిస్తుంది. విదేశాల్లో కొన్నవాటికీ ఇది వర్తిస్తుందని అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ 2007లో తేల్చింది. బ్యాంకు ఎనిమిది వారాల్లో తేల్చకపోతే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే వ్యవస్థ) వెళ్లొచ్చు, ఫీజు లేదు. 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం లోపమున్న వస్తువుని మొదటి 30 రోజుల్లో తిరస్కరించి పూర్తి డబ్బు అడగొచ్చు. ఆ తర్వాత అమ్మినవాడికి ఒకసారి రిపేరు చేసే అవకాశమివ్వాలి.

అమెరికాలో కూడా చట్టం 1974దే, ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ యాక్ట్. మీరు అభ్యంతరం చెప్పే పద్దు మొదటిసారి కనిపించిన స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోగా మీ ఫిర్యాదు బ్యాంకుకి రాతలో చేరాలి. బ్యాంకు రెండు బిల్లింగ్ కాలాల్లో, ఎలా చూసినా 90 రోజులు దాటకుండా తేల్చాలి. వస్తువు నాణ్యత మీద తగాదాకి వేరే లెక్క ఉంది: ధర 50 డాలర్లు దాటాలి, అమ్మినచోటు మీ రాష్ట్రంలోగానీ ఇంటికి 100 మైళ్లలోపుగానీ ఉండాలి, ముందు అమ్మినవాడితో నిజాయితీగా ప్రయత్నించి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ వస్తువు తాలూకు ఇంకా కట్టని బాకీ మేరకే ఈ హక్కు. అంటే కౌంటర్‌వెనక గారూ, "బిల్లు కట్టేయండి" అన్న మీ మాట అక్కడ మాత్రం తిరగబడుతుంది. మొత్తం కట్టేశాక నాణ్యత హక్కు వాడుకోవడానికి ఏమీ మిగలదు.

భారతదేశంలో 75వ సెక్షన్ లాంటిది లేదు, బ్యాంకు అమ్మినవాడితో సమాన బాధ్యురాలు కాదు. కానీ అమ్మినవాడి మీద హక్కు గట్టిదే. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం, లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు మీరు ఉండేచోటే వేయొచ్చు, అమ్మినవాడి ఊరికి పరుగెత్తనక్కర్లేదు, కారణం ఏర్పడిన రెండేళ్లలోపు వేయాలి. 5 లక్షల వరకు చెల్లించిన వస్తువుకి ఫీజు లేదు. కార్డు బిల్లు మీద అభ్యంతరం చెబితే బ్యాంకు 30 రోజుల్లో వివరణ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఇవ్వకపోయినా, ఇచ్చింది సంతృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ఐరోపా సమాఖ్యలో రెండేళ్ల చట్టబద్ధ హామీ ఉంటుంది, మొదటి ఏడాదిలో బయటపడిన లోపం మొదటినుంచీ ఉన్నదే అని చట్టమే అనుకుంటుంది, కాదని అమ్మినవాడే రుజువు చేసుకోవాలి.

కౌంటర్‌వెనక
మార్చి 5, రాత్రి 9:02

అమెరికా సంగతి ఒప్పుకుంటున్నాను. నేను అక్కడి కేసులు చూడలేదు. అక్కడ ఉన్నవాళ్లు పేజీలమధ్య గారి మాటే వినండి. మిగతాచోట్ల నా మాట మీద నేనుంటాను.

పేజీలమధ్య
మార్చి 5, రాత్రి 9:30

మిగతాచోట్ల మీతోనే ఉన్నాను. బ్రిటన్‌లో ఒకాయన 1998లో దుకాణం ఇప్పించిన అప్పు మీద లాప్‌టాప్ కొని, లోపల మోడెమ్ లేదని మర్నాడే తిరిగిచ్చాడు. అప్పిచ్చిన బ్యాంకు వినలేదు, ఆయన వాయిదాలు కట్టలేదని క్రెడిట్ రికార్డులు ఉంచే సంస్థలకి రాసేసింది. ఒప్పందం రద్దుచేసుకునే హక్కు ఆయనకుందని, విచారించకుండా అలా రాయడం బ్యాంకు తప్పని సుప్రీం కోర్టు తేల్చేసరికి 2014 వచ్చింది. న్యాయం ఆయనవైపే ఉంది. ఆ మచ్చతో గడిపిన ఏళ్లు మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు.

సూదిదారం
మార్చి 6, ఉదయం 7:10

మెయిల్ ఎలా రాయాలో ఎవరైనా చూపిస్తారా? నేను రాస్తే కోపమంతా అందులోకి వచ్చేస్తోంది.

కౌంటర్‌వెనక
మార్చి 6, ఉదయం 8:00

కోపం వద్దు, తేదీలు రాయండి. ఇలా:

"ఆర్డరు నంబరు ఇది. ఫిబ్రవరి 12న అందింది. ఫిబ్రవరి 24న సూది బాబిన్ కేసుకి తగలడం మొదలైంది. మూడు సూదులు విరిగాయి. ఫొటోలు, వీడియో జతచేశాను. ఈ లోపం వల్ల మిషన్ కుట్టడానికి పనికిరాదు. మిషన్‌ని పెట్టెతో, సామాన్లన్నిటితో తిరిగివ్వడానికి సిద్ధంగా ఉన్నాను. ఎప్పుడు తీసుకెళ్తారో, లేదా ఏ చిరునామాకి పంపాలో ఏడు రోజుల్లో తెలపండి. నేను కట్టిన పూర్తి మొత్తం అదే కార్డుకి తిరిగి జమచేయండి. రిపేరుకి నేను ఒప్పుకోవడం లేదు. జవాబు రాకపోతే నా కార్డు బ్యాంకులో వస్తువు లోపం కింద డిస్ప్యూట్ వేస్తాను."

ఇంతే. బెదిరింపులు, తిట్లు వద్దు. "అదే కార్డుకి" అన్న మాట మర్చిపోకండి. మరో సంగతి, రిపేరు చేయించవద్దుగానీ, ఆ పని తెలిసిన మెకానిక్‌తో చూపించి, విప్పకుండా "లోపం ఇది" అని కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకుంటే మంచిది.

గుమ్మడిపువ్వు
మార్చి 6, ఉదయం 11:20

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. మాకు డబ్బుకి బదులు వాళ్ల యాప్ వాలెట్‌లో వేస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

కౌంటర్‌వెనక
మార్చి 6, ఉదయం 11:45

మీరు ఒప్పుకుని తీసుకుంటే విషయం తేలిపోయినట్టే, తర్వాత డిస్ప్యూట్ నిలవదు. అడగకుండా వేసేస్తే వెంటనే "నాకిది సమ్మతం కాదు" అని రాసి, అందులోంచి పైసా వాడకండి.

రెండోబిళ్ళ
మార్చి 6, మధ్యాహ్నం 12:30

డెబిట్ కార్డుతో కడితే ఇవేవీ ఉండవా అన్నా? ఇంకోటి, మధ్యలో వేరే చెల్లింపు యాప్ ద్వారా కార్డు వాడితే?

కౌంటర్‌వెనక
మార్చి 6, మధ్యాహ్నం 1:10

ఛార్జ్‌బ్యాక్ డెబిట్ కార్డుకీ ఉంది. తేడా ఏంటంటే, క్రెడిట్ కార్డులో తగాదా బ్యాంకు డబ్బు మీద నడుస్తుంది, డెబిట్‌లో మీ ఖాతాలోంచి పోయిన డబ్బు మీద. తేలేదాకా ఇల్లు గడవాల్సింది మిగిలిన దాంతోనే. పేజీలమధ్య గారు చెప్పిన బ్రిటన్ 75వ సెక్షన్, అమెరికా చట్టం డెబిట్ కార్డుకి వర్తించవు.

యాప్ సంగతి: కార్డుతో ముందు వాలెట్‌లో డబ్బు నింపి, ఆ వాలెట్ నుంచి దుకాణానికి కడితే, బ్యాంకు దృష్టిలో మీరు కార్డుతో చేసింది వాలెట్ నింపుకోవడమే. అది సరిగ్గానే జరిగింది కదా. అక్కడ గొలుసు తెగిపోతుంది. పెద్ద వస్తువు కొనేటప్పుడు నేరుగా కార్డు నంబరే ఇవ్వండి.

సూదిదారం
మార్చి 14, సాయంత్రం 5:30

అందరికీ అప్‌డేట్. 6వ తేదీ మెయిల్ పంపాను. ఆరు రోజులు మౌనం. 12న జవాబొచ్చింది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "మా పాలసీ ప్రకారం గడువు ముగిసింది. మీరు మిషన్ పంపినా తీసుకోము. సర్వీసు మాత్రమే ఇవ్వగలము."

నాకు ఏడుపొచ్చింది. కౌంటర్‌వెనక గారూ, ఇక ఆశ లేనట్టేనా?

కౌంటర్‌వెనక
మార్చి 14, సాయంత్రం 5:52

అమ్మా, వాళ్లు మీ చేతికి తాళంచెవి ఇచ్చారు. "పంపినా తీసుకోము" అన్న ఆ వాక్యమే మీరు తిరిగివ్వడానికి ప్రయత్నించారనడానికి సాక్ష్యం. ఈరోజే ఆ మెయిల్‌ని పీడీఎఫ్‌గా దాచుకోండి, రేపే డిస్ప్యూట్ వేయండి.

దుకాణదారు
మార్చి 14, సాయంత్రం 6:15

ఆ మెయిల్ రాసినవాడికి నియమాలు తెలియవు. మా దగ్గర పనిచేసేవాళ్లకి ఆ మాట ఎప్పుడూ రాయొద్దని చెబుతాను. అన్నిటికంటే ముందు, వెనక్కి తీసుకోవాల్సిన వస్తువుని తీసుకోవాలని చెబుతాను.

సూదిదారం
మార్చి 27, ఉదయం 10:00

15న బ్యాంకు యాప్‌లోనే వేశాను. ఒక పేజీలో తేదీలవారీగా రాసి, సూదులు విరిగిన ఫొటో, గుంటల ఫొటో, నలభై సెకన్ల వీడియో, పుస్తకంలో ఆ పేజీ, రెండు మెయిళ్లు పెట్టాను. చాలా ఏళ్లుగా మిషన్లు బాగుచేసే పెద్దాయన ఒకరు వచ్చి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పి చూశారు. సూది పైకి లేచేటప్పుడు షటిల్ కొక్కెం దారాన్ని అందుకోవాలట, ఇందులో అది ఆలస్యంగా వస్తోందట. "ఇది వాడకం వల్ల వచ్చేది కాదమ్మా, బిగింపులోనే తేడా" అని కాగితం మీద రాసి సంతకం చేశారు. నిన్న బ్యాంకు తాత్కాలికంగా ఆ మొత్తాన్ని జమచేసింది. బిల్లు నేను 18కే కట్టేశాను.

కౌంటర్‌వెనక
మార్చి 27, ఉదయం 10:30

"తాత్కాలికంగా" అన్న మాట గుర్తుంచుకోండి. ఆ డబ్బు ఖర్చుపెట్టకండి. అమ్మినవాళ్లకి జవాబివ్వడానికి గడువుంటుంది, మాస్టర్‌కార్డ్‌లో అయితే 45 రోజులు. మిషన్ వాడకండి, ఎవరికీ ఇవ్వకండి, పెట్టెలో అలాగే ఉంచండి.

సూదిదారం
ఏప్రిల్ 29, రాత్రి 9:10

వాళ్లు ఎదురు జవాబిచ్చారు. డెలివరీ రోజు నా సంతకం, వాళ్ల పాలసీ పేజీ, "కస్టమర్ సర్వీసు నిరాకరించారు" అని ఒక లేఖ. పది రోజుల్లో నా మాట చెప్పమని బ్యాంకు అడిగింది.

పేజీలమధ్య
ఏప్రిల్ 29, రాత్రి 9:48

వాళ్లు పంపినవాటిలో లోపం లేదని చెప్పేది ఒక్కటైనా ఉందా? డెలివరీ అయిందని మీరూ ఒప్పుకుంటున్నారు కదా. జవాబులో ఆ సంగతే రాయండి: "అందలేదని నేను ఎప్పుడూ అనలేదు. లోపం గురించి వాళ్లు ఒక్క ఆధారం ఇవ్వలేదు. మిషన్ తిరిగి తీసుకోము అని మార్చి 12న వాళ్లే రాశారు." మెకానిక్ గారి కాగితం మళ్లీ జతచేయండి. మూడు వాక్యాలు చాలు.

సూదిదారం
జూన్ 3, మధ్యాహ్నం 3:20

ఈరోజు బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. జమచేసిన మొత్తం శాశ్వతం చేశారు. కేసు మూసేశారు.

గంటలోపే అమ్మినవాళ్ల నుంచి ఫోన్, మిషన్ తీసుకెళ్తామని. ఇవ్వాలా?

కౌంటర్‌వెనక
జూన్ 3, మధ్యాహ్నం 3:35

ఇవ్వాలి తల్లీ. డబ్బూ వస్తువూ రెండూ మనదగ్గర ఉంచుకోకూడదు. ఫోన్ మీద కాదు, మెయిల్‌లో అడగమనండి. రవాణా ఖర్చు వాళ్లదే. సీరియల్ నంబరు, పెట్టెలో పెట్టిన సామాన్లన్నిటి ఫొటో తీసుకుని, తీసుకెళ్లే మనిషి దగ్గర రసీదు రాయించుకోండి.

సూదిదారం
జూన్ 9, సాయంత్రం 6:40

తీసుకెళ్లారు. రసీదు ఉంది. విరిగిన సూదులు మూడూ చిన్న కవర్లో వేసి, పెట్టె లోపల మాన్యువల్ మధ్యలో పెట్టి పంపాను, తయారుచేసినవాళ్లెవరైనా చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుందని. పాత మిషన్‌కి బెల్టు మార్పించాను, ఆర్డర్లు మళ్లీ మొదలయ్యాయి. మీ అందరికీ పేరుపేరునా నమస్కారం.

మట్టికుండ
జూన్ 21, రాత్రి 8:15

ఇప్పుడే మొత్తం చదివాను. మాది ఫ్రిజ్, కొని ఐదు నెలలైంది. కంప్రెసర్ పోయింది. క్రెడిట్ కార్డే. 120 రోజులు దాటిపోయాయి కదా, ఇక వదిలేసుకోవడమేనా?

పేజీలమధ్య
జూన్ 21, రాత్రి 8:50

ఛార్జ్‌బ్యాక్ గడువు బహుశా దాటింది. అయినా బ్యాంకుని ఒకసారి అడిగి చూడండి. చట్టం కింద హక్కు వేరు: భారతదేశంలో కమిషన్‌కి రెండేళ్లు, బ్రిటన్‌లో సెక్షన్ 75 కింద మామూలుగా ఆరేళ్లు. మీరు ఎక్కడ ఉన్నారో రాస్తే చెబుతాను.

సూదిదారం
జూన్ 21, రాత్రి 9:05

మట్టికుండ గారూ, అమ్మినవాళ్లకి మొదటిసారి రాతలో ఎప్పుడు చెప్పారు? ఫోన్ కాదు, మెయిల్‌గానీ మెసేజ్‌గానీ. ఉంటే ఆ తేదీ ఇక్కడ పెట్టండి. లేకపోతే ఈ రాత్రే పంపండి, నేను పంపిన మెయిల్‌లో ఫ్రిజ్‌కి తగ్గట్టు మాటలు మార్చి ఇస్తాను.